తీసేదానికి రాదు

హేమమాలినికి కోపం వస్తే గిన్నెలు మోగవు. ఆమెతో వచ్చిన చిక్కే అది. నోరు చేసుకునే మనిషైతే నాలుగు మాటలు దులిపేసి సాయంత్రానికి చల్లబడుతుంది. ఈమె అలా కాదు. కోపాన్ని జాడీలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, అది ఊరేదాకా ఊరుకుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి బాగా తెలిసినవాడు మొగుడు వరదరాజులు ఒక్కడే. ఆయన పప్పుల మండీలో లెక్కలు రాసుకునే నెమ్మదస్తుడు. పెళ్ళాం నోరు విప్పకుండా ఉల్లిపాయలు తరుగుతోందంటే ఆ పూట ఆయన కాఫీ కూడా అడగడు.

ఈ ఆడి నెలలో, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో, అలాంటి జాడీ ఒకటి నిండింది. నింపినవాళ్ళు ఇద్దరు, మరిది కోదండరాం, తోటికోడలు జయంతి. సాయం చేసింది ఒక సెల్‌ఫోను.

వాళ్ళది పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందు. వాళ్ళ పెద్దలు ఎన్ని తరాల కిందట మద్రాసు చేరారో వాళ్ళకే తెలియదు. మాటలో సగం అరవం కలిసిపోయింది, పిల్లలు తెలుగులో తిట్టడం కూడా మరిచిపోయారు. కానీ ఆ ఇంటి ఆడవాళ్ళు పేరంటాలిని మాత్రం వదల్లేదు. పేరంటాలు అంటే ఎప్పుడో ఆ వంశంలో పసుపు కుంకుమలతో కన్నుమూసిన కోడలు. ఆమె పేరున ఒక పేము పెట్టె ఉంది. అందులో ఒక చీర, డజను గాజులు, కుంకుమ భరిణె. ఏటా ఆడి చివరి శుక్రవారం పెట్టె తెరిచి కొత్త చీర పెట్టి, పాతది ఆడబిడ్డకు ఇస్తారు. పెట్టె ఎవరింట ఉంటే ఆ కోడలే ఇంటికి పెద్ద.

హేమమాలినికి ఆ పెద్దరికం సంగతి అక్కరలేదు. ఆమెకు పెట్టె కావాలి. పంతొమ్మిదేళ్ళప్పుడు, తల్లి లేని పిల్లగా ఆ గడప తొక్కింది. మొదటిరోజు వంటింట్లో చేరి ఏడుస్తుంటే అత్తగారు చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి, ఆ చెయ్యి పెట్టె మీద పెట్టి, "అమ్మ లేదని ఏడవబాకు. ఈమే నీకు అమ్మ" అంది. అంతే. ఆ రోజు నుంచి పొద్దున దీపం పెడుతూ ఆ పెట్టెతో మాట్లాడటం అలవాటైంది. కూతురికి జ్వరమని చెప్పేది, కుళాయిలో నీళ్ళు రాలేదని చెప్పేది, మొగుడికి నోరు లేదని చెప్పుకొని నవ్వేది. ఎవరికి అమ్మ ఉంటే వాళ్ళు అమ్మతో ఏం మాట్లాడతారో అవన్నీ మాట్లాడేది.

కిందటేడు అత్తగారు పోయారు. సంవత్సరీకం అయ్యాక పెట్టె ఏ కోడలింట ఉండాలో పేరంటాలినే అడగాలి. అది వాళ్ళ వాడుక. ఇంటి ఆడబడుచుల్లో పెద్దావిడ పెట్టె ముందు కర్పూరం వెలిగించి, "ఫలానా కోడలింట ఉంటావా తల్లీ?" అని అడుగుతుంది. కర్పూరం కొండెక్కేదాకా ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. గౌళి, అంటే బల్లి, పలికిందంటే తల్లి ఔనన్నట్టు. వెంటనే అందరూ వేలితో నేల తట్టి "సత్యం" అనాలి, ఇక ఆ మాటకు తిరుగులేదు. ఏ చప్పుడూ లేకపోతే అదీ సమ్మతే. తుమ్మో, చెంబు దొర్లిన మోతో, పిల్ల ఏడుపో, చెడ్డ చప్పుడు ఏదైనా వచ్చిందంటే మాత్రం కాదన్నట్టు. శుక్రవారం పన్నెండు గంటలదాకా రాహుకాలం కాబట్టి, పన్నెండు దాటగానే అడుగుతారు.

సరిగ్గా ఆ వారంలోనే హేమమాలిని పాత ఫోను చచ్చింది. కోదండరానికి పురసవాక్కం పెద్ద రోడ్డు మీద ఫోన్ల కొట్టు ఉంది, శ్రీ కోదండరామ మొబైల్స్. బంధువుల్లో ఎవరి చేతిలో ఏ ఫోనున్నా అది ఆ కొట్టుదే. పక్క కొట్టులో కొన్నారని తెలిస్తే ఏడాదిపాటు ముఖం చూడడు. వదిన ఫోను పోయిందనగానే తనే కొత్తది పట్టుకొచ్చాడు. "ఆడి తగ్గింపులో నీకోసమే పక్కన పెట్టినా వదినా, పట్టు" అన్నాడు. తెర నిండా ఆమె అడగని బొమ్మలు. ఒకటి వార్తలంటుంది, ఒకటి అప్పు కావాలా అంటుంది, ఒకటి ఆమె పుట్టినతేదీ అడుగుతుంది. వాటిని చూసి హేమమాలిని, ఎవరో పరాయివాళ్ళు సామాన్లతో సహా కాపురమున్న ఇంట్లోకి తనను అద్దెకు దించినట్టుందే అనుకుంది.

ఆడి మొదటి శుక్రవారం బంధువులంతా చేరారు. అడగాల్సినావిడ చెంగమ్మ, మామగారి చెల్లెలు. ఎన్నూరులో ఉంటుంది కాబట్టి అందరికీ ఎన్నూరత్త. లారీల దుమ్ములో బస్సెక్కి వచ్చినా చీర మడత నలగని మనిషి, మాట కూడా అంతే. మనలిలో కొత్తిల్లు కట్టుకున్న కోదండరాం, జయంతి స్కూటర్ మీద వచ్చారు. జయంతి గడపలోనే చేతులు చూపించి, "ఫోను బండిలోనే పెట్టొచ్చినానక్కా. సామి పనికాడ ఫోనెందుకు?" అంది. ఎంత భక్తి అనుకుంది హేమమాలిని. తన ఫోను నడుముకు దోపుకొని ఉంది. ఆఫీసులో ఉన్న కూతురు నివేదిత, పూజ కాగానే వీడియోలో చూపించమంది. సైలెంటులో పెట్టింది, పెట్టానో లేదోనని రెండోసారి కూడా చూసుకుంది.

పన్నెండు దాటింది. ఎన్నూరత్త కర్పూరం వెలిగించింది.

"తల్లీ, పెద్దకోడలు హేమ ఇంట ఉంటావా?"

హాలంతా కట్టేసినట్టు నిలబడింది. హేమమాలిని కళ్ళు మూసుకుంది. ఎక్కడికి పోతావమ్మా, నన్ను వదిలి ఎక్కడికి పోతావు అనుకుంటోంది.

అప్పుడు ఆమె నడుములోంచి డప్పు మోగింది. ఈల వేసింది. ఒక ఆడగొంతు ఇకిలించి, అరవంలో గొంతెత్తి, "రండి రండి! ఈరోజు మీ అదృష్టం ఎలా ఉంది?" అంది. ఆమె చీర కుచ్చిళ్ళలో ఫోను వెతుక్కొని పట్టుకునేలోపల ఏదో చక్రం గిరగిరా తిరిగిన మోత, ఆపైన అదే గొంతు, "అయ్యయ్యో! పోయిందే!"

"కాదంటాది" అంది ఎన్నూరత్త.

"అత్తా, ఇది శకునం కాదత్తా, ఫోను! సైలెంటులో పెట్టినా, ఎట్ట మోగిందో..."

"తుమ్మితే ముక్కు తుమ్ముతాది, పడితే చెంబు పడతాది. ఎందులోంచి వచ్చిందని కాదు హేమా, ఎప్పుడొచ్చిందని చూడాల. జరుగు."

చిన్నకోడలి పేరు చెప్పి అడిగారు. కర్పూరం ప్రశాంతంగా ఆఖరిదాకా వెలిగి ఆరింది. కోదండరాం స్కూటర్ తోలుకొని ముందు పోతే, జయంతి పెట్టెను ఒళ్ళో పెట్టుకొని ఆటోలో మనలికి పోయింది. హేమమాలిని పూజగదిలో ఖాళీ పీట ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. వరదరాజులు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి తీసేసి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆ పూట కూరలోకి ఉల్లిపాయ అక్కరలేదు.

మర్నాడు కొట్టుకు పోయింది. కోదండరాం ఎవరికో ఫోను కవరు తొడుగుతున్నాడు.

"ఆ పాడుది దీంట్లోంచి తీసెయ్యి కోదండా."

"ఏది వదినా?"

"నా నడుములో కూర్చొని నా కొంప తీసింది. అది."

అతను ఫోను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ నొక్కి, పెదవి విరిచి తిరిగి ఇచ్చేశాడు. "ఇది ఫోన్‌తోనే వచ్చింది వదినా. కంపెనీవాడు పెట్టింది. తీసేదానికి రాదు. ఈ కాలం ఫోన్లన్నీ ఇంతే, మనం సర్దుకొని పోవాల్సిందే. పేరంటాలు యాడుంటే ఏంది, అందరికీ అమ్మే కదా?"

చివరి మాట అనకుండా ఉంటే అతని బతుకు బాగుండేది. పుండు మీద కారం చల్లి, పైగా ఉపదేశమా! హేమమాలిని ఫోను సంచిలో వేసుకొని ఇంటికొచ్చి, తలుపేసుకొని, తనే దాని పని పట్టాలని చూసింది. ఆ యాపు పేరు జాలీ చక్రం. దాని మీద వేలు అదిమి పెడితే 'తీసివేయి' అన్న మాట కనిపిస్తుంది కానీ బూడిదరంగులో చచ్చి పడుంటుంది, నొక్కినా పలకదు. అలా బూడిదరంగులో ఉన్నవి ఇంకా బోలెడు. తన డబ్బుతో కొన్న ఫోనులో తను పొమ్మంటే పోనివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని ఆమెకు ఒళ్ళు మండింది. జాడీకి గుడ్డ కట్టేసింది.

ఆదివారం నివేదిత ఇంట్లోనే ఉంది. తల్లి ఫోను తెచ్చి ఆ పిల్ల ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, "వీటిని చంపేదానికి దారుంటే చెప్పు" అంది.

"ఏంటమ్మా, సినిమాలో విలన్ మాదిరి మాట్లాడతా ఉండావు?" అని నవ్వింది నివేదిత. తల్లి ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఉంది మా. కేబుల్ ఉంటే చాలు."

ముందు ఫోను సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉన్న ఒక నంబరు మీద టకటకా కొడుతూ పొమ్మంది. హేమమాలిని వరసగా పొడిచింది. 'మీరు ఇప్పుడు డెవలపర్ అయ్యారు' అని తెర మీద పడింది. "చూడండి, మీ పెళ్ళాం డెవలపర్ అయింది" అని వరదరాజులుకు చూపించింది. ఆయన పేపరు వెనక్కి దాక్కున్నాడు. తరవాత ఫోనును వైరుతో ల్యాప్‌టాప్‌కు కట్టారు. నల్ల తెర ఒకటి తెరుచుకుంది. అందులో నివేదిత ఒక వాక్యం కొట్టి, చివర తీసేయాల్సిన యాపు పేరు పెట్టి, ఎంటర్ నొక్కింది. కింద 'సక్సెస్' అని వచ్చింది. ఫోను తెర మీద వార్తల బొమ్మ మాయమైంది.

హేమమాలిని కుర్చీ ముందుకు లాక్కుంది. "నువ్వు పేరు కొట్టు. ఆ ఆఖరి మీట నేను నొక్కుతా."

అక్కణ్ణుంచి ఆ హాలులో ఊచకోత జరిగిందనే చెప్పాలి. తాళం తీసేముందు సినిమా తారల్ని చూపించేది పోయింది. అప్పు కావాలా అని అడిగేది పోయింది. "నేనెప్పుడన్నా నిన్ను అప్పడిగినానా, నన్నడిగేదానికి?" అని మీట నొక్కింది. పుట్టినతేదీ అడిగేది పోయింది, దాన్ని కాస్త గట్టిగానే నొక్కింది. బొమ్మ పోయిన ప్రతిసారీ ఫోను తీసి చూసుకొని, "పో, దరిద్రం వదిలింది" అనేది. మధ్యలో ఒకదాని మీద ఆవేశపడబోతే నివేదిత చెయ్యి పట్టుకుంది. "అమ్మా, వేణా వేణా, వద్దు! అది తీస్తే ఫోన్ కాలే రాదు."

"సరే, అది బతికి పోనీ. ఇప్పుడు ఆ చక్రందాన్ని తీసుకురా."

నివేదిత దాన్ని తెరిచి, తీసేముందు లోపల ఏముందో చూద్దామని రెండు మూడు పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఇది కంపెనీవాడు పెట్టింది కాదు. కొట్టులో ఎక్కించింది. ఇలాంటివి ఎక్కిస్తే కొట్టువాళ్ళకు కమీషన్ వస్తాది. ఈడ చూడు, మీ డీలర్, శ్రీ కోదండరామ మొబైల్స్. సైలెంట్‌లో ఉన్నా అరిచేలా పెట్టినారు. ప్రతి శుక్రవారం బంపర్ అంట, పన్నెండు దాటగానే."

హేమమాలిని చెయ్యి మీట మీద అలాగే నిలిచిపోయింది. ప్రతి శుక్రవారం. అయితే కోదండరాం ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇది ప్రతి వారం వినిపించేదే. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, గడపలో చేతులు చూపించిన జయంతి. ఫోను బండిలోనే పెట్టొచ్చినానక్కా. భక్తి కాదది. తన ఫోను అరుస్తుందని తెలిసి బయట పెట్టొచ్చింది. పక్కన నిలబడ్డ అక్క ఫోను కూడా అరుస్తుందని తెలుసు. ఒక్క మాట, 'అక్కా, అది తీసి బయట పెట్టు' అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు.

"బాబాయికి ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తా" అని లేచింది నివేదిత.

"కూర్చో. నోరెత్తితే ఊరుకోను."

"మరి ఎన్నూరవ్వకైనా చెప్పు మా!"

"చెప్తే ఏమంటాది? ఎందులోంచి వచ్చిందని కాదు, ఎప్పుడొచ్చిందని చూడాలంటాది." హేమమాలిని మీట నొక్కింది. చక్రం మాయమైంది. ఆమె ఫోను వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి వరదరాజులు పేపరు మడిచి, చెప్పులేసుకొని, పనేమీ లేకపోయినా బజారుకు పోయాడు.

వాళ్ళ వాడుకలో ఇంకొకటి ఉంది. పెట్టె ఇల్లు మారిందంటే, అదే నెల చివరి శుక్రవారం కొత్తింట్లో మళ్ళీ అడగాలి, "ఈడ సుఖంగా ఉండావా తల్లీ?" అని. ఎప్పుడూ అది నామమాత్రమే. బంధువులంతా వస్తారు, అడుగుతారు, నిశ్శబ్దంగా ఉంటుంది, పాయసం తాగి పోతారు. ఆ బంధువుల చేతుల్లో ఉన్నవన్నీ కోదండరాం కొట్టు ఫోన్లే. మొదటి శుక్రవారం వాటిల్లో లేని చక్రాన్ని, ఆడి తగ్గింపు అంటూ ఆ నెలలోనే కమీషన్ కోసం ఒక్కొక్కదానికీ ఎక్కిస్తూ వచ్చాడు.

ఈలోగా పినమామగారి కోడలు ఒకామె వచ్చి, "అక్కా, శుక్రవారమొస్తే నా ఫోను రంకెలేస్తా ఉండాది, ఎట్ట తీసేది?" అని అడిగితే, "ఏమో తల్లీ, నాకేం తెలుసు" అని మురుకులు పెట్టి పంపించింది. ఆమెకు పాపభీతి లేదని కాదు. ఆ నెలలో పాపభీతికి సెలవిచ్చింది.

చివరి శుక్రవారం వచ్చింది. మనలిలో జయంతి ఇల్లు కొత్త రంగుతో మెరిసిపోతోంది. కిటికీలు తీస్తే మాత్రం రిఫైనరీ వాసన ముక్కు బద్దలు కొడుతుంది. హేమమాలిని లోపలికి వస్తూనే పెట్టెను చూసింది. ఏసీ పెట్టిన గదిలో, మెరిసే గూట్లో, రంగురంగుల లైట్ల మధ్య కూర్చొని ఉంది. పరాయి ఊరి ఆసుపత్రిలో తల్లిని చూసినట్టు అనిపించింది ఆమెకు.

గడప దగ్గర జయంతి ఒక బుట్ట పట్టుకొని నిలబడింది. "ఫోన్లన్నీ ఈడ పెట్టేసి రండి. సామి పని కదా." నోటితో నవ్వుతోంది, కళ్ళు గోడ గడియారం మీదున్నాయి.

హేమమాలిని ఎన్నూరత్త పక్కన చేరింది. "అత్తా, పెట్టె తెరిచేది ఏడాదికొక తూరి. రానివాళ్ళు ఎంతమందో ఉండారు. ఈ తూరి అందరూ ఫోటోలు, వీడియోలు తీసుకుంటే బాగుంటాది కదా?"

"ఆమా, మంచి మాట" అంది ఎన్నూరత్త. "ఏయ్, ఎత్తుకోండి ఫోన్లు. సైలెంట్లో పెట్టుకోండి."

"వద్దత్తా!" జయంతి గొంతు చీరుకుపోయింది.

"ఎందుకు వద్దు?"

ఎందుకో చెబితే అంతా చెప్పాల్సి వస్తుంది. జయంతి బుట్ట కింద పెట్టింది. బంధువులు బుట్టలోంచి ఎవరి ఫోన్లు వాళ్ళు తీసుకున్నారు. కోదండరాం తోరణం కడుతున్నవాడు దిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ, "అత్తా, పదకొండున్నర అయింది. ఇప్పుడే అడిగేద్దామా? ఎండలో ముసలోళ్ళకు కష్టం" అన్నాడు.

"రాహుకాలంలో అడుగుతారారా ఎవరైనా? నీకేమన్నా పిచ్చా?"

"పోనీ భోజనాలయ్యాక..."

"తిని అడుగుతారా? మీ నాయనే ఉండుంటే చెప్పు తీసుకునేవాడు. పన్నెండు కొట్టినాక అడిగేదే."

హేమమాలినికి లోపల ఎంత హాయిగా ఉందంటే, ఆ రిఫైనరీ వాసన కూడా సాంబ్రాణిలా ఉంది. తేలు కుట్టిన దొంగల్లా మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కుట్టనీ, బాగా కుట్టనీ అనుకుంది. తన ఖాళీ పీట గుర్తొచ్చింది. ఈ నెలంతా పొద్దున్నే దీపం వెలిగించి, ఎవరితో మాట్లాడాలో తెలియక తిరిగి వంటింట్లోకి వచ్చిన రోజులు గుర్తొచ్చాయి.

పన్నెండైంది. కర్పూరం వెలిగింది. ఆడవాళ్ళంతా పెట్టె చుట్టూ చేరి ఫోన్లెత్తి పట్టుకున్నారు. హేమమాలిని కూడా అందరికంటే ఎత్తుగా పట్టుకుంది.

"ఈడ సుఖంగా ఉండావా తల్లీ?"

ముందు ఎడమపక్క ఒక డప్పు మోగింది. ఆ వెంటనే కుడిపక్క. ఆపైన ఇక లెక్క లేదు, గది గదంతా డప్పులు, ఈలలు, ఇకిలింపులు. రండి రండి, రండి రండి, ఈరోజు మీ అదృష్టం ఎలా ఉంది, ఎలా ఉంది, ఎలా ఉంది! ఒకామె భయపడి ఫోను కింద పడేసింది, అది కింద పడి కూడా అరిచింది. చంకలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. చక్రాలన్నీ గిరగిరా తిరిగి ఆగి, ఒక్కొక్కటే, "అయ్యయ్యో! పోయిందే!" అన్నాయి. అందరివీ అయిపోయాక, కాస్త ఆలస్యంగా, ఎన్నూరత్త నడుము సంచిలోంచి కూడా అదే గొంతు వచ్చింది.

ఒక్క హేమమాలిని ఫోను మాత్రం నోరు మూసుకొని ఉంది.

"కాదంటాది" అంది ఎన్నూరత్త.

"శకునం కాదత్తా ఇది!" కోదండరాం అరిచేశాడు. "యాపు! సుమ్మా, ఉత్త యాపు అంతే! శుక్రవారం పన్నెండుకు అన్ని ఫోన్లలో వస్తాది, నేనే ఎక్కించి..."

ఆగిపోయాడు. ఆగేసరికి ఆలస్యమైంది. ఎన్నూరత్త తన ఫోను సంచిలోంచి తీసి, దాని వంకా, అతని వంకా, జయంతి వంకా చూసింది.

"ఓహో. అయితే ఆ పొద్దు హేమ నడుములో మోగింది శకునమూ, ఈ పొద్దు మీ ఇంట్లో మోగింది యాపా?"

జయంతి గోడకు ఆనుకొని అలాగే జారి కూర్చుంది.

"శకునమైతే పెట్టె ఈడ ఉండదు. యాపైతే ఆ పొద్దు హేమ ఇంట్లోంచి కదలకూడదు. ఎట్ట చూసినా పెట్టె హేమదే. ఎత్తుకో హేమా."

హేమమాలిని పెట్టె ఎత్తుకుంది. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకొని, మూత మీద చెంప ఆనించి, "వచ్చేసినావా అమ్మా" అని పురసవాక్కందాకా ఏడుస్తూనే ఉంది. పక్కన వరదరాజులు ఆటో మీటరు వంక చూస్తూ కూర్చున్నాడు.

కథ ఇక్కడ ఆగితే అందరూ సుఖంగా పోయి భోంచేయవచ్చు. కానీ జాడీలో అడుగున ఇంకా మిగిలింది.

ఆడి పోయి ఆవణి వచ్చాక, ఒక శుక్రవారం పొద్దున జయంతి వచ్చింది. ఒక్కతే వచ్చింది. అరటిపండ్లు, పూలు పెట్టె ముందు పెట్టి దండం పెట్టుకొని, నేల మీదే కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. హేమమాలిని కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకపోవడం ఆమెకు చేతకాదు.

"అక్కా, నా ఫోన్లో కూడా తీసిపెట్టక్కా" అంది జయంతి, ఫోను ముందుకు జరిపి. "ఆయన్ని అడిగితే తీయనంటాడు, కమీషన్ పోతాదంట. పెళ్ళాం ఫోన్లో కూడా కమీషనే ఆయనకు. శుక్రవారమొస్తే దీన్ని బీరువాలో బట్టల కింద పెడతా. దాని గొంతు వింటే ఆ పొద్దు గుర్తొచ్చి గుండె దడదడలాడతాది. నివేదితకు తెలుసంట కదా, ఒక్క నిముషం పనంట కదా."

"ఆ పొద్దు నువ్వు ఫోను బండిలో పెట్టొచ్చినావే" అంది హేమమాలిని, "ఎందుకు?"

జయంతి కాఫీ గ్లాసులోకి చూసింది. కళ్ళు నిండిపోయాయి.

"తెలుసక్కా. నీ ఫోను కూడా అరుస్తాదని తెలుసు. నోటిదాకా వచ్చింది. పెట్టె మా ఇంటికొస్తే నాకూ ఒక విలువ ఉంటాదని... ఆశపడినా. తప్పే."

హేమమాలిని మనసు మెత్తబడింది. మెత్తబడలేదంటే అబద్ధం. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది. నివేదిత పక్కగదిలోనే ఉంది. వైరు కూడా అక్కడే ఉంది. చెయ్యి చాపి ఆ ఫోను అందుకోవాలి, అంతే. కానీ ఆ చెయ్యి లేచేలోపల ఆమెకు ఖాళీ పీట కనపడింది. పూలు లేని, పెట్టె లేని పీట. ఎవరితో ఏం చెప్పుకోవాలో తెలియక దాని ముందు నిలబడ్డ తను.

ఫోనును నెమ్మదిగా వెనక్కి జరిపింది.

"ఇది ఫోన్‌తోనే వచ్చింది జయంతీ. కంపెనీవాడు పెట్టింది. తీసేదానికి రాదు."

జయంతి ఆమె ముఖంలోకి చూసింది. అవి ఎవరి మాటలో గుర్తుపట్టింది. "నీ దాంట్లో తీసినారు కదక్..." అని నోరు తెరిచింది.

పెట్టె వెనక గోడ మీద గౌళి పలికింది. ఒకసారి కాదు, మూడుసార్లు, స్పష్టంగా.

జయంతి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. పుట్టినప్పటినుంచి నేర్చింది ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. వేలితో నేల తట్టి, ఏడుస్తూ, "సత్యం" అంది. తన ఫోను తీసుకొని, కాఫీ సగం వదిలేసి, వెళ్ళిపోయింది.

హేమమాలిని నేల తట్టలేదు. అన్నది అబద్ధమని తనకు తెలుసు, పక్కగదిలో ఉన్న వైరుకు తెలుసు. గౌళికి ఎందుకు తెలియలేదో ఆమెకు అంతుపట్టలేదు. గ్లాసు తీసి పక్కన పెట్టి, వచ్చి పెట్టె ముందు కూర్చుంది.

"నేను చేసింది సరేనా అమ్మా?" అని అడిగింది.

గౌళి పలకలేదు. ఏ చప్పుడూ రాలేదు. ఆ ఇంట్లో నిశ్శబ్దం వస్తే సమ్మతి అన్నట్టే లెక్క. హేమమాలిని అలాగే లెక్క వేసుకొని, వంటింట్లోకి పోయి, మాట్లాడకుండా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.